అప్పు పుట్టని పైపులైను

యుగాండా చమురును హిందూ మహాసముద్రం దాకా చేర్చేందుకు వేస్తున్న గొట్టం పొడవు 1,443 కిలోమీటర్లు. దాన్ని అడ్డుకోవాలని పొలాల దగ్గర మొదలైన గొడవ పారిస్ కోర్టులకూ లండన్, టోక్యో బ్యాంకులకూ పాకింది. ఇంతా చేసి ఎవరు గెలిచారు?

ఉక్కు ఉంటే గొట్టం తయారవుతుంది, భూమి దొరికితే పాతిపెట్టొచ్చు. ఆ రెండూ కొనాలంటే మాత్రం ముందు అప్పు పుట్టాలి. తూర్పు ఆఫ్రికా ముడి చమురు పైపులైను మీద ఏళ్లుగా సాగుతున్న పోరాటమంతా ఈ ఒక్క కీలకం చుట్టూనే తిరిగింది. ఇలాంటి ఉద్యమం అనగానే మనకు బుల్‌డోజరుకు అడ్డం పడుకున్న మనుషులు, టెంటు కింద రిలే దీక్షలు గుర్తొస్తాయి. యుగాండాలో టెంటు వేస్తే గంటలో పోలీసులు లేపేస్తారు. అందుకే అక్కడి వాళ్లు, వాళ్లకు తోడైన వాళ్లు, ఈ ప్రాజెక్టుకు పైసా ఇవ్వొద్దని చెప్పడానికి బ్యాంకుల తలుపులు తట్టారు.

చాలా తలుపులు తెరుచుకున్నాయి కూడా. రెండు డజన్లకు పైగా బ్యాంకులు, దాదాపు అన్నే బీమా సంస్థలు మాకొద్దంటే మాకొద్దని తప్పుకున్నాయి. అయినా పని ఆగలేదు. 2025 చివరినాటికి నిర్మాణం ముప్పాతిక పైనే అయిపోయిందని గొట్టం వేస్తున్న సంస్థ చెబుతోంది. ఒకవైపు అంత పెద్ద విజయం, మరోవైపు ఇంత నిక్కమైన ఓటమి. ఈ రెండూ ఒకే కథలో ఎలా ఇమిడాయో అర్థం కావాలంటే అసలు ఆ చమురు దగ్గర నుంచే మొదలెట్టాలి.

దారంతా వేడి

యుగాండాకు సముద్రం లేదు. 2006లో ఆల్బర్ట్ సరస్సు పరిసరాల్లో చమురు ఉందని తేలింది. నేలలో ఉన్నది 650 కోట్ల బ్యారెళ్లనీ, అందులో బయటికి తీయగలిగింది 140 కోట్లనీ అంచనా. తీసింది ఎలా అమ్మాలి? మొదట కెన్యా మీదుగా లాము రేవుకు పంపుదామనుకున్నారు. 2016లో ఆ ఆలోచన పక్కనపెట్టి టాంజానియాలోని టాంగా రేవును ఖాయం చేశారు. గొట్టం యుగాండాలో 296 కిలోమీటర్లు, టాంజానియాలో 1,147 కిలోమీటర్లు నడుస్తుంది. అందులో మూడో వంతు దాకా విక్టోరియా సరస్సు పరివాహక ప్రాంతంలోనే. ఆ సరస్సు మీద ఆధారపడి బతికేవాళ్లు దాదాపు 4 కోట్ల మంది.

చిక్కు దూరంతోనే పోలేదు. ఆ చమురులో మైనం పాలెక్కువ. చలికాలం పొద్దున మన ఇంట్లో కొబ్బరినూనె సీసా పేరుకున్నట్టు, అది మామూలు వాతావరణంలోనే గడ్డకడుతుంది. పారాలంటే దారి పొడవునా 50 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా వేడి ఉంచాలి. 24 అంగుళాల ఉక్కు గొట్టం, దాని చుట్టూ నురుగు తొడుగు, వెంబడి కరెంటుతో వేడెక్కే తీగ. ఇలా వేడి చేస్తూ నడిపే గొట్టాల్లో ప్రపంచంలో పొడవైనదిగా ఇన్నాళ్లూ పేరున్నది మన రాజస్థాన్‌లోదే. బాడ్‌మేర్ మంగళ క్షేత్రం నుంచి గుజరాత్ తీరం దాకా 670 కిలోమీటర్లు. బాడ్‌మేర్ చమురుదీ ఇదే మైనం గుణం. యుగాండా గొట్టం దానికి రెట్టింపు కంటే ఎక్కువ.

ఎవరిదీ గొట్టం? ఫ్రాన్స్‌కు చెందిన టోటల్ ఎనర్జీస్‌కు 62 శాతం, యుగాండా, టాంజానియా ప్రభుత్వ సంస్థలకు చెరో 15 శాతం, చైనా సంస్థ సీనూక్‌కు 8 శాతం వాటా. పైన బావుల్లోనూ పెద్ద వాటా టోటల్‌దే. టోటల్‌కు 56.67, సీనూక్‌కు 28.33, యుగాండాకు 15. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

2022 ఫిబ్రవరి 1న ఈ వాటాదారులు తుది పెట్టుబడి నిర్ణయం ప్రకటించారు. రోజుకు గరిష్ఠంగా 2 లక్షల 46 వేల బ్యారెళ్లు పంపగల గొట్టం ఇది. మొదట 350 కోట్ల డాలర్లన్న ఖర్చు 500 కోట్లు దాటింది. మన లెక్కలో 40 వేల కోట్ల రూపాయల పైమాటే. బావులు టిలెంగా, కింగ్‌ఫిషర్ అనే రెండు క్షేత్రాల్లో ఉన్నాయి. టిలెంగాలో తవ్వే 400కు పైగా బావుల్లో కొన్ని ఏకంగా మర్చిసన్ జలపాతం నేషనల్ పార్కు లోపలే. ఏనుగులు, జిరాఫీలు తిరిగే ఆ పార్కు మధ్య నుంచి నైలు నది పారుతుంది. పార్కులో తాము వాడుకునేది ఒక శాతం కంటే తక్కువేనని టోటల్ అంటుంది. ఆ ఒక శాతం ఎక్కడుందన్నది కదా అసలు ప్రశ్న.

కటాఫ్ తేదీ

ఇక పొలాల దగ్గరికి వద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది వాతావరణ లెక్కలు కాదు, కటాఫ్ తేదీ అనే చిన్న ఏర్పాటు.

జరిగేది ఇదీ. గొట్టం వెళ్లే దారిలో 30 మీటర్ల వెడల్పున భూమి కావాలి. సర్వే వాళ్లు వస్తారు. హద్దులు పెడతారు. కాఫీ మొక్కలెన్ని, అరటి చెట్లెన్ని, గుడిసె గోడ మట్టిదా ఇటుకదా, పొలంలో సమాధులేమైనా ఉన్నాయా అని రాసుకుంటారు. ఆ లెక్క పూర్తయిన రోజే కటాఫ్ తేదీ. ఆ తర్వాత ఏం నాటినా, ఏం కట్టినా పరిహారం లెక్కలోకి రాదు. పరిహారం పెంచుకోవడానికి జనం రాత్రికి రాత్రి మొక్కలు నాటకుండా ఈ జాగ్రత్త. విన్నంతసేపు సబబుగానే ఉంటుంది.

యుగాండాలో గొట్టం దారికి ఈ తేదీ 2019లో పడింది. డబ్బు చేతికి రావడానికి చాలామందికి మూడు నాలుగేళ్లు పట్టింది. ఈలోగా ఏం చేయాలి? మూడు నెలల్లో చేతికొచ్చే చిక్కుడో మొక్కజొన్నో వేసుకోవచ్చన్నారు. కాఫీ, అరటి మాత్రం వద్దు. కాఫీ రైతుకు చిక్కుడు వేసుకోమనడం అంటే ఆ ఇంటి ఏటేటి రాబడిని తీసేయడమే. పిల్లల ఫీజులకు అప్పులు చేశారు, కొందరు బడి మాన్పించారు. డబ్బొచ్చేసరికి చుట్టుపక్కల భూమి ధర పెరిగిపోయి, ఇచ్చిన దాంట్లో సగం భూమి కూడా కొనలేని పరిస్థితి. తాము చదవలేని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారని కొందరి ఫిర్యాదు. ఇలాంటివన్నీ హ్యూమన్ రైట్స్ వాచ్ 2023 జులై నివేదికలో రికార్డయ్యాయి. నోటిఫికేషన్ పడ్డ పొలాన్ని అమ్ముకోలేక, అందులో తోట వేయలేక ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగిన రైతు మనకూ బాగా తెలిసినవాడే.

టోటల్ సొంత లెక్క ప్రకారమే బావులకూ గొట్టానికీ కలిపి 6,400 హెక్టార్ల భూమి తీసుకున్నారు. ప్రభావం పడింది 18,800 మంది భూ యజమానులు, సాగుదారుల మీద. ఇల్లు వదలాల్సి వచ్చిన కుటుంబాలు 775. ఉద్యమకారుల లెక్క లక్ష దాటుతుంది, ఎందుకంటే వాళ్లు ప్రతి ఇంట్లోని మనుషులందర్నీ కలుపుతారు. ఈ రెండు లెక్కల మధ్య వాదన ఏళ్లుగా నడుస్తోంది. ఇల్లు కోల్పోయిన వాళ్లకు సంస్థ కొత్త ఇళ్లు కట్టిచ్చిన మాటా నిజమే. 2024 జనవరిలో భూసేకరణ తీరును మదింపు చేయమని బెనిన్ మాజీ ప్రధాని లియోనెల్ జిన్సూకు టోటల్ అప్పగించింది. బయటి నుంచి ఒత్తిడి లేకపోతే ఆ పని చేసేదా అంటే, నాకైతే నమ్మకం లేదు.

ఇచ్చింది పుచ్చుకోని వాళ్ల సంగతి? టిలెంగా ప్రాంతంలో 42 కుటుంబాలు పరిహారం చాలదని తిరస్కరించాయి. 2023 డిసెంబర్ 4న ప్రభుత్వం వాళ్ల మీద హొయిమా హైకోర్టుకెక్కింది. 8వ తేదీకల్లా తీర్పు. డబ్బు కోర్టులో జమ చేసి ఖాళీ చేయించుకోవచ్చని. ఏళ్ల తరబడి పరిహారం కోసం చూసినవాళ్ల మీద కేసు నాలుగు రోజుల్లో తేలింది.

నోరెత్తితే న్యూసెన్స్

యుగాండాలో యొవెరి ముసెవెని 1986 నుంచి అధికారంలో ఉన్నారు. చమురు ఆయన కలల ప్రాజెక్టు. 2021 ఆగస్టులో 54 స్వచ్ఛంద సంస్థలను అక్కడి ప్రభుత్వం సస్పెండ్ చేసింది. అందులో చమురు బాధితుల కేసులు చూసే ఆఫీగో ఒకటి. ఆ ఏడాదే చమురు జిల్లా బులీసాలో ఆఫీగో కార్యకర్తనూ, అతనితో వెళ్లిన ఇటలీ విలేకరినీ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

2022 సెప్టెంబర్ 15న యూరప్ పార్లమెంటు ఈ ప్రాజెక్టు వల్ల హక్కుల ఉల్లంఘన, పర్యావరణ నష్టం జరుగుతున్నాయంటూ తీర్మానం చేసింది. అక్టోబర్ 4న దానికి మద్దతుగా కంపాలాలోని ఐరోపా సమాఖ్య కార్యాలయానికి విద్యార్థులు ఊరేగింపుగా బయల్దేరారు. తొమ్మిది మందిని పట్టుకెళ్లి లుజీరా జైల్లో పెట్టారు. ఆరోపణ ఏమిటంటే కామన్ న్యూసెన్స్. బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన ఈ సెక్షన్ ఎంత సౌకర్యమో మన పోలీసులకూ తెలుసు. ఏడాదికి పైగా వాయిదాలకు తిప్పి, 2023 నవంబర్‌లో కేసు కొట్టేశారు. అప్పటికి చదువులు ఎంత దెబ్బతినాలో అంతా దెబ్బతిన్నాయి. అయినా ఆ తర్వాతి రెండేళ్లలో కంపాలా వీధుల్లో ఇలాంటి ఊరేగింపులు, అరెస్టులు ఆగలేదు.

2024 జూన్‌లో కింగ్‌ఫిషర్ ప్రాంతంలో పనిచేసే ఒక కార్యకర్త కంపాలాలో మాయమయ్యాడు. ఐదు రోజుల తర్వాత, చావు దెబ్బలతో, రాజధానికి చాలా దూరంలో రోడ్డు పక్కన దొరికాడు. తీసుకెళ్లింది మఫ్టీలో ఉన్న సైనికులేనని హక్కుల సంఘాలు ఆరోపించాయి.

ఇంటి దగ్గర ఇంత బిగింపు ఉంటే పోరాటం పరదేశం వెళ్లక ఏం చేస్తుంది?

బ్యాంకు గేటు దగ్గర

అప్పు పుట్టకుండా చేసే ఈ ఆయుధం యుగాండా కోసం కొత్తగా చేసింది కాదు. 2016లో అమెరికాలోని స్టాండింగ్ రాక్ దగ్గర స్యూ తెగ వాళ్లు డకోటా యాక్సెస్ పైపులైనుకు ఎదురు నిలిచినప్పుడు, దానికి అప్పులిచ్చిన బ్యాంకుల జాబితా చేతికి తీసుకున్నారు. నార్వే బ్యాంకు డీఎన్‌బీ 2017లో తన వాటా అప్పును అమ్మేసుకుంది. వెల్స్ ఫార్గో దాన్ని వదలకపోయేసరికి సియాటిల్ నగర పాలక సంస్థ ఆ బ్యాంకుతో తెగతెంపులకు ఏకగ్రీవంగా ఓటేసింది. తమాషా ఏమిటంటే, నగరం ఖాతాలు చూసుకోవడానికి ఇంకే బ్యాంకూ ముందుకు రాకపోవడంతో 2018లో మళ్లీ వెల్స్ ఫార్గో దగ్గరికే వెళ్లాల్సొచ్చింది. డకోటా గొట్టంలో చమురు ఇప్పటికీ పారుతోంది.

అయినా ఆ అనుభవం నుంచి ఒక పాఠం నేర్చుకున్నారు. అప్పు ఇచ్చేశాక అరిచి లాభం లేదు, ఇవ్వకముందే పట్టుకోవాలి. 2021 మార్చిలో 260కి పైగా సంఘాలు కలిసి 25 బ్యాంకులకు బహిరంగ లేఖ రాశాయి. అప్పట్లో అనుకున్న లెక్క ప్రకారం ఖర్చులో 60 శాతం అప్పుగా రావాలి. ఇది ప్రాజెక్టు ఫైనాన్స్ పద్ధతి. అంటే గొట్టం మీద రేపు వచ్చే సంపాదనే తాకట్టు. యజమాని ఆస్తుల జోలికి పోవడానికి లేదు. అందుకే బ్యాంకు ఇక్కడ నాలుగు రకాలుగా ఆలోచిస్తుంది. నిర్మాణం ఆలస్యమైతే? కోర్టు ఆపేస్తే? ఇరవై ఏళ్ల తర్వాత చమురు కొనేవాళ్లు ఎందరుంటారు? సరిగ్గా ఈ భయాలనే ఉద్యమకారులు బ్యాంకుల చెవిలో వేశారు. నీతి గురించి చెప్పింది తక్కువ, రిస్కు గురించి చెప్పింది ఎక్కువ. గొట్టంలో పారే చమురును కాల్చితే వచ్చే కార్బన్ కూడా కలిపి, పాతికేళ్లలో 37.9 కోట్ల టన్నుల ఉద్గారాలు వస్తాయని క్లైమేట్ అకౌంటబిలిటీ ఇన్‌స్టిట్యూట్ 2022లో కట్టిన లెక్క ఆ బ్యాంకుల సొంత వాతావరణ హామీల పక్కన పెట్టి చూపించడానికి బాగా పనికొచ్చింది.

బార్‌క్లేస్, క్రెడిట్ స్విస్ ముందే తప్పుకున్నాయి. ఫ్రెంచి బ్యాంకులు బీఎన్‌పీ పారిబా, సొసియెతె జెనెరాల్, క్రెది అగ్రికోల్ కూడా వద్దనుకున్నాయి. అప్పు సమకూర్చే బాధ్యత తీసుకున్న మూడింటిలో ఒకటైన జపాన్ బ్యాంకు సుమితోమో మిత్సుయి, మరో పెద్ద పేరు స్టాండర్డ్ చార్టర్డ్ 2023లో వెనక్కి తగ్గాయి. బీమా వైపు మ్యూనిక్ రీ, స్విస్ రీ, అలియాంజ్, ఆక్సా లాంటివి ముఖం చాటేశాయి. బీమా పాలసీల బ్రోకరు మార్ష్ ఒప్పుకుంటే, దాని సొంత ఉద్యోగులే యాజమాన్యానికి నిరసన లేఖ రాశారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ప్రచారాల్లో పెద్దగా వినపడదు. ఆ ఫ్రెంచి బ్యాంకులు వద్దన్నది ఈ గొట్టాన్నే, టోటల్‌ను కాదు. కంపెనీతో మామూలు లావాదేవీలు అలాగే సాగాయి. కంపెనీ పేరు మీద బాండ్లు అమ్మి తెచ్చుకున్న డబ్బు ఏ గొట్టంలోకి పోతుందో ఎవరు కనిపెడతారు? ముందు గుమ్మం మూసి పెరటి తలుపు తెరిచి ఉంచడం లాంటి నిరాకరణలను నేను పూర్తి మార్కులేసి మెచ్చుకోలేను.

పారిస్‌లో మాత్రం సీను రక్తి కట్టింది. 2022 మేలో టోటల్ వార్షిక సమావేశానికి వాటాదారులు లోపలికి పోకుండా కుర్రాళ్లు దారికి అడ్డం కూర్చున్నారు. మరుసటేడు అదే సాల్ ప్లేయెల్ హాలు దగ్గర పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. కోర్టులో కూడా అక్కడే మొదటిసారి. బంగ్లాదేశ్ రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయాక, పెద్ద కంపెనీలు విదేశాల్లో చేసే పనులకు స్వదేశంలో జవాబు చెప్పాలంటూ ఫ్రాన్స్ 2017లో చట్టం చేసింది. దాని కింద దాఖలైన తొలి కేసు 2019లో టోటల్ మీద, యుగాండా గురించి. ఏ కోర్టు వినాలన్న దగ్గరే రెండేళ్లు గడిచాయి. 2023 ఫిబ్రవరి 28న పారిస్ కోర్టు సాంకేతిక కారణాల మీద కేసును విచారణకు అనర్హమని కొట్టేసింది. నాలుగు నెలల్లో 26 మంది యుగాండా వాసులు, ఫ్రాన్స్, యుగాండా సంఘాలు కలిసి మరో కేసు వేశాయి. ఈసారి అడిగింది నష్టపరిహారం.

ముసెవెని మాటలో నిజం

ఇదంతా చదివి యుగాండా ప్రభుత్వాన్ని పూర్తి ప్రతినాయకుడిగా తీర్మానించే ముందు వాళ్ల వాదన కూడా వినాలి. వందేళ్లకు పైగా బొగ్గు, చమురు తగలేసి బాగుపడ్డ దేశాలు ఇప్పుడు మాకు సుద్దులు చెబుతాయా అని వాళ్ల ప్రశ్న. యూరప్ పార్లమెంటు తీర్మానాన్ని యుగాండా డిప్యూటీ స్పీకర్ నయా వలసవాదం అన్నారు. ఆ తీర్మానం వచ్చిన ఏడాదే రష్యా గ్యాస్ ఆగిపోతే యూరప్ దేశాలు మూసేసిన బొగ్గు ప్లాంట్లను మళ్లీ వెలిగించుకున్నాయి. యుగాండా మనిషి సగటున ఏటా వదిలే కార్బన్, ఐరోపా మనిషి వదిలేదాంట్లో పిసరంత. ఇంట్లో కరెంటు లేని కుటుంబానికి ఎదుటివాడి దేశంలో వరదల గురించి చెబితే ఏమెక్కుతుంది? భారతీయుడిగా ఈ వాదనను నేను కొట్టిపారేయలేను, అంతర్జాతీయ సభల్లో మనమూ ఇదే మాట్లాడతాం.

అయితే ఇందాక గుర్తుంచుకోమన్న అంకెలు ఇప్పుడు తీయండి. బావుల్లో యుగాండా వాటా 15 శాతం, గొట్టంలో 15. రాయల్టీ, పన్నులు వేరే వస్తాయి, నిజమే. కానీ గొట్టం కంపెనీకి పదేళ్ల ఆదాయ పన్ను మినహాయింపునిస్తూ 2021 డిసెంబర్లో అక్కడి పార్లమెంటే చట్టం చేసింది. వలసవాదం అని తిట్టిన నోటితోనే వాటాలో సింహభాగం పారిస్ కంపెనీకి ఒప్పగించి, పన్నూ వదిలేశారు. వెనేసా నకాతే లాంటి యుగాండా యువ ఉద్యమకారులు గొట్టాన్ని వ్యతిరేకిస్తే వాళ్లను విదేశీ డబ్బు మనుషులంటారు. మరి 62 శాతం విదేశీ డబ్బును ఏమనాలి?

పైగా వేడిచేసి సముద్రానికి పంపే ముడి చమురు ఎగుమతికే. ఇంటి అవసరాలకు శుద్ధి కర్మాగారం కావాలి. రోజుకు 60 వేల బ్యారెళ్ల సామర్థ్యంతో దాన్ని కడతామని యూఏఈ సంస్థతో ఒప్పందం కుదిరింది 2025 మార్చిలో, చమురు దొరికిన 19 ఏళ్లకు.

ఎవరు గెలిచారు?

2025 మార్చి 26న గొట్టం కంపెనీ తొలి విడత అప్పు ఖాయమైందని ప్రకటించింది. ఇచ్చినవాళ్లు ఆఫ్రికా ఎగుమతి దిగుమతి బ్యాంకు, దక్షిణాఫ్రికా స్టాండర్డ్ బ్యాంకు, దాని యుగాండా శాఖ స్టాన్‌బిక్, కేసీబీ బ్యాంకు యుగాండా, ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు కుటుంబంలోని ఒక సంస్థ. లండన్, పారిస్, టోక్యో పేర్లు అందులో లేవు. అప్పు పుట్టడం ఆలస్యమైన ఆ మూడేళ్లూ వాటాదారులు సొంత డబ్బు పెట్టి పని నడిపించారు.

కెనడాలో ట్రాన్స్ మౌంటెన్ గొట్టం విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. నిరసనల వేడికి ప్రైవేటు యజమాని కిండర్ మోర్గన్ చేతులెత్తేస్తే 2018లో కెనడా ప్రభుత్వమే 450 కోట్ల కెనడా డాలర్లకు కొనేసింది. విస్తరణ ఖర్చు 3,400 కోట్లకు చేరింది, 2024 మేలో చమురు పారింది. జేబు లోతుగా ఉన్నవాడు, వెనక్కి తగ్గితే పరువు పోతుందనుకునే ప్రభుత్వం, ఈ ఇద్దరి ముందు అప్పు నిరాకరణ ఆయుధం మొద్దుబారుతుంది. ఖర్చు పెంచగలదు, కాలయాపన చేయించగలదు. తొలి చమురు ముహూర్తం 2020 నుంచి 2025కి, అక్కడి నుంచి 2026కి జరిగింది. ఆ జరగడంలో కోవిడ్ వాటా ఎంత, పన్ను తగాదాల వాటా ఎంత, ఉద్యమం వాటా ఎంత అని విడదీయడం కష్టమే. ఉద్యమం వాటా సున్నా మాత్రం కాదు.

నా లెక్కలో ఈ పోరాటం గొట్టాన్ని ఆపడంలో ఓడింది, బ్యాంకులను మార్చడంలో సగం గెలిచింది. ఇక మూడోది, కటాఫ్ తేదీ దగ్గర ఆగిపోయిన కాఫీ రైతు పని, దాదాపు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. బ్యాంకు వెళ్లిపోతే అతనికి పరిహారం పెరగలేదు, కొత్త బ్యాంకు వస్తే తరగలేదు. ఇప్పుడు అప్పిచ్చిన ఆఫ్రికా బ్యాంకులను అడగాల్సింది ఆ రైతు గురించే. మిగిలిన విడతల డబ్బు వదిలేముందు బాకీ ఉన్న పరిహారం నేటి భూమి ధర ప్రకారం కట్టించండి. ఇక ముందు ఏ ప్రాజెక్టుకైనా, అది ఆఫ్రికాలో కావచ్చు, మన దగ్గర కావచ్చు, పరిహారం చెక్కు చేతిలో పెట్టిన రోజే కటాఫ్ తేదీ మొదలవ్వాలి. చెక్కు సిద్ధంగా లేకపోతే సర్వే రాళ్లు పాతడం మానుకుని, రైతును తన కాఫీ తాను నాటుకోనివ్వాలి.